రక్తం పలికే సాక్ష్యం

పాఠ్యభాగ ఉద్దేశం

గుండెపోటును త్వరగా గుర్తించడానికి ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో చేసే రక్తపరీక్ష ఎలా రూపుదిద్దుకొన్నదో, అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి పలుకుబడిలో గుండెకు విశిష్ట స్థానం ఉంది. దుఃఖం కలిగితే గుండె చెరువవుతుంది. భయం కలిగితే గుండె జారుతుంది. సాహసిని గుండె గలవాడంటాము. మన సుఖదుఃఖాలన్నింటినీ చెప్పే ఈ గుండె తన బాధను మాత్రం అన్ని వేళలా స్పష్టంగా చెప్పుకోలేదు. గుండెపోటు వచ్చిన ప్రతివారూ ఎద పట్టుకొని కుప్పకూలరు. కొందరికి ఛాతీమీద బరువు పెట్టినట్లుంటుంది. కొందరికి దవడ, మెడ, ఎడమచేయి లాగుతాయి. మరికొందరికి కడుపు పైభాగంలో మంట, చెమట, ఆయాసం మాత్రమే కనిపిస్తాయి. స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహం ఉన్నవారిలో ఈ అస్పష్టత మరింత ఎక్కువ. “గ్యాసు పట్టింది, కాస్త వాము నమిలితే సర్దుకుంటుంది” అనుకొని ఇంట్లోనే ఉండిపోయి ప్రాణాపాయం తెచ్చుకొన్నవారు ఎందరో ఉన్నారు. ఛాతీనొప్పితో ఆసుపత్రికి పరుగెత్తి వచ్చేవారిలో అధికసంఖ్యాకులకు గుండెపోటు ఉండదన్నది దీనికి మరోవైపు. ఎవరిని చేర్చుకోవాలి? ఎవరిని ధైర్యం చెప్పి ఇంటికి పంపాలి? ఈ ప్రశ్నకు వైద్యుడు వీలైనంత త్వరగా సమాధానం వెతకాలి.

ఆ తొందరకు కారణం ఉంది. గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమనులను హృదయ ధమనులంటారు. వీటిలో ఒకదానిలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే, దాని మీద ఆధారపడిన కండరానికి ప్రాణవాయువు అందదు. కాలం గడిచేకొద్దీ కణాలు మరణిస్తాయి. అలా మరణించిన కండరం తిరిగి చిగురించదు.

రోగి రాగానే మొదట తీసేది ఇ.సి.జి. హాలెండు దేశంలోని లైడెన్‌లో ఐంథోవెన్ రూపొందించిన ఈ విద్యుత్ చిత్రణ పద్ధతికి 1924లో నోబెల్ బహుమతి లభించింది. అందులో ధమని పూర్తిగా మూసుకుపోయిన సూచన స్పష్టంగా ఉంటే రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా చికిత్స ఆరంభిస్తారు. కాని ఎన్నో గుండెపోట్లలో ఆ రేఖలు ఏమీ తేల్చి చెప్పవు. అప్పుడు సాక్ష్యం చెప్పవలసింది రక్తమే.

రక్తాన్ని ఇలా సాక్షిగా పిలిచే ప్రయత్నం 1954లో న్యూయార్కులో జరిగింది. లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే పరిశోధకులు గుండెపోటు వచ్చినవారి రక్తంలో ఒక ఎంజైము పెరుగుతున్నదని ప్రకటించారు. గుండె కణం చితికినప్పుడు దానిలోని పదార్థాలు రక్తంలోకి జారుతాయన్నదే దీనిలోని సూత్రం. అయితే ఆ ఎంజైము కాలేయంలోను ఉంటుంది. కాలేయానికి జబ్బు చేసినా అది పెరుగుతుంది. ఆ సాక్షి చెప్పేది నిజమే గాని, నేరం ఎక్కడ జరిగిందో చెప్పలేడు.

తరువాత వచ్చిన సాక్షి క్రియాటిన్ కైనేజ్. కండరాలలో శక్తిని నిలువ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం మీద ఈ ఎంజైము పనిచేస్తుంది. 1927లో హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కేతో కలిసి ఆ పదార్థాన్ని గుర్తించి ప్రకటించినవాడు, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ ఎంజైములో గుండెకు సంబంధించిన అంశాన్ని విడదీసి కొలవడం ద్వారా నిర్ధారణ మెరుగుపడింది. అయినా ఇతర కండరాలలో సైతం ఆ అంశం కొద్దిగా ఉండటం వల్ల సందేహం పూర్తిగా తీరలేదు.

ఆ సందేహాన్ని చాలావరకు తీర్చినది ట్రోపోనిన్. కండరం ముడుచుకొని విచ్చుకోవడాన్ని నియంత్రించే ఈ ప్రోటీను సముదాయాన్ని 1960ల దశకంలో జపాన్ శాస్త్రవేత్త ఎబాషి బృందం కనుగొన్నది. దీనిలోని టి, ఐ అనే రెండు భాగాలు గుండెలో ఒక రూపంలోను, చేతులు, కాళ్ళ కండరాలలో వేరొక రూపంలోను ఉంటాయి. ఈ భేదమే వైద్యులకు వరమయింది. గుండె రూపాన్ని మాత్రమే పట్టుకొనే ప్రతిదేహాల సాయంతో దానిని రక్తంలో కొలిచే పరీక్షను జర్మనీకి చెందిన కాటుస్, ఆయన సహచరులు 1989లో ప్రకటించారు. 2000లో యూరపు, అమెరికా హృద్రోగ వైద్యసంఘాలు గుండెపోటు నిర్వచనంలోనే ట్రోపోనిన్‌కు ప్రధాన స్థానం ఇచ్చాయి.

తొలి పరీక్షలకు ఒక లోపం ఉండేది. నొప్పి మొదలైన కొన్ని గంటలకు గాని అవి పెరుగుదలను పసిగట్టలేకపోయేవి. అందువల్ల రోగిని ఉంచి, ఆరు గంటలకో అంతకు మించో మరల రక్తం తీసేవారు. నేటి అతిసున్నిత పరీక్షలు లీటరు రక్తద్రవంలో కొద్ది నానోగ్రాముల ట్రోపోనిన్‌ను సైతం కొలుస్తాయి. నానోగ్రాము అంటే గ్రాములో నూరుకోట్లవ వంతు! అమెరికాలో ఇటువంటి పరీక్షకు 2017లో అనుమతి లభించింది. అంతకుముందే, 2015లో యూరపు హృద్రోగ వైద్యసంఘం ఒక గంట వ్యవధిలో రెండుసార్లు రక్తం తీసి నిర్ణయించే విధానాన్ని సూచించింది. తొలి విలువ ఎంత, గంటలో అది ఎంత మారింది అన్న రెండింటినీ చూసి రోగులను మూడు వర్గాలుగా విభజిస్తారు: ఇంటికి పంపదగినవారు, చేర్చుకోవలసినవారు, మరికొంతసేపు గమనించవలసినవారు.

అయితే ఈ సాక్ష్యాన్ని ఒంటరిగా నమ్మరాదు. గుండె కండరం గాయపడిందని ట్రోపోనిన్ చెబుతుంది. ఎందుకు గాయపడిందో చెప్పదు. మూత్రపిండాల వ్యాధి, గుండె కండరపు వాపు, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ వంటి స్థితులలోను అది పెరుగుతుంది. నొప్పి మొదలైన వెంటనే రక్తం తీస్తే ఇంకా పెరిగి ఉండకపోవచ్చు. కనుకనే మూడు గంటలలోపు వచ్చినవారికి ఒక్క పరీక్షతో అభయం ఇవ్వరు. రోగి చెప్పే కథ, ఇ.సి.జి. రేఖలు, రక్తం ఇచ్చే అంకె, ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడే వైద్యుని తీర్పు సరియైనదవుతుంది.

ఈ పరీక్ష ఎంత వేగవంతమైనా, రోగి ఆసుపత్రి గడప తొక్కిన తరువాతనే దాని గడియారం తిరగడం మొదలవుతుంది. ఇంట్లో సందేహిస్తూ పోగొట్టుకొన్న గంటను ఏ యంత్రమూ తిరిగి ఇవ్వలేదు. 2005లో హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోను ఉంది. పెద్దవారు “ఏమీ లేదులే” అని నొప్పిని దాచుకొంటున్నప్పుడు ఆ మాటను నమ్మి ఊరుకోక, ఆ మూడంకెలను నొక్కడం ఇంట్లో ఉన్న విద్యార్థి చేయగల పెద్ద ఉపకారం. నొప్పి గ్యాసు వల్లనే అని తేలితే నవ్వుకొంటూ ఇంటికి రావచ్చు. కాదని తేలితే, ఆ నిమిషాలే ఒక ప్రాణానికి విలువ.

కఠిన పదాలు – అర్థాలు

ధమని = గుండె నుండి అవయవాలకు రక్తాన్ని తీసుకొనిపోయే నాళం
అధికసంఖ్యాకులు = ఎక్కువమంది
ప్రతిదేహం = ఒక నిర్దిష్ట పదార్థాన్ని గుర్తించి అంటుకొనే ప్రోటీను
అభయం = భయం లేదనే భరోసా

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
గుండెపోటు నిర్ధారణకు ఉపయోగపడే రక్తపరీక్ష క్రమంగా ఎలా అభివృద్ధి చెందినదో వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ట్రోపోనిన్ సాక్ష్యాన్ని ఒంటరిగా ఎందుకు నమ్మరాదు?
2. గంట వ్యవధిలో రెండుసార్లు రక్తం తీయడం వల్ల ప్రయోజనమేమి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించిన తెలుగు శాస్త్రవేత్త ఎవరు?
2. ఇ.సి.జి. పద్ధతికి నోబెల్ బహుమతి ఏ సంవత్సరంలో లభించింది?

ఈ) వ్యాకరణం
అతి + అవసరం = అత్యవసరం – యణాదేశ సంధి
ప్రాణ + అపాయం = ప్రాణాపాయం – సవర్ణదీర్ఘ సంధి
సుఖదుఃఖాలు – సుఖమును, దుఃఖమును – ద్వంద్వ సమాసం
రక్తపరీక్ష – రక్తము యొక్క పరీక్ష – షష్ఠీ తత్పురుష సమాసం