చెమట ఆరితేనే చలువ

మహారాష్ట్రలోని షోలాపూరు నేతపనికి పేరు పొందిన పట్టణం. తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలీలు ఎందరో ఇక్కడ స్థిరపడ్డారు. వారి పేటలలో మరమగ్గాల మీద దుప్పట్లు, తువాళ్లు తయారవుతాయి.

అద్దిన నూలును ఆరవేయడం ఈ పేటల పిల్లలు ఎరిగిన పనే. ఏప్రిల్ నెల పొడిగాలికి నూలు త్వరగా ఆరుతుంది. వానాకాలంలో అదే నూలు ఎంతకూ ఆరదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉండడమే దీనికి కారణం.

మన ఒంటి చెమట కూడా అంతే. పరుగెత్తేటప్పుడు కండరాలలో వేడి పుడుతుంది. చెమట ఆవిరి అవుతూ ఆ వేడిని తనతో తీసుకొనిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే గాని ఆరదు. వేడి ఒంటిలోనే నిలిచిపోతుంది. పొడిగాలికి పోగులు తెగుతాయని నేత కార్ఖానాలలో గాలికి తేమ ఉండేటట్లు చూస్తారు. పోగుకు మేలు చేసే ఆ తేమే పరుగెత్తేవారికి భారం!

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్ పరుగు తీవ్రమైన ఎండలో జరిగింది. పోర్చుగల్ క్రీడాకారుడు ఫ్రాన్సిస్కో లాజరో దారిలో కుప్పకూలి, మరునాడు మరణించాడు. ఎండ తగలకుండా ఒంటికి మైనం పూసుకొన్నందున అతని చెమటకు దారి లేకపోయిందని చెబుతారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను వేడి కారణంగానే సప్పోరో నగరానికి మార్చారు. కనుక ఎండకు జాగ్రత్తపడడం పిరికితనం కాదు.

పరుగుకు తెల్లవారుజాము మంచిది. పలుచని, వదులైన దుస్తులు ధరించాలి. శరీరం వేడికి అలవాటుపడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందుచేత దూరాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. ఉక్కపోత రోజున వేగం తగ్గించాలి. దాహం వేసినప్పుడు నీరు, ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి.

తల తిరిగినా, వాంతి వచ్చినట్లున్నా వెంటనే ఆగి నీడకు చేరాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు, ప్రాణానికే ముప్పు. అటువంటి వారిని నీడకు చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ విసరాలి. 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

అభ్యాసం

1. వానాకాలంలో నూలు ఆలస్యంగా ఎందుకు ఆరుతుంది? దీనికీ పరుగుకూ గల సంబంధం ఏమిటి?
2. పరుగు పందెంలో మీ స్నేహితుడు తూలి పడితే మీరు ఏమి చేస్తారు?
3. సొంతవాక్యాలలో ప్రయోగించండి: ఉక్కపోత, కుప్పకూలు, ముప్పు.