మరణశిక్షయు కయీను గురుతును

మాట్టుతావణిలో బస్సెక్కి స్వస్థలములకు వెళ్లు మనము 1993 మార్చి 8న చిలకలూరిపేట వద్ద దోపిడీలో తగులబడిన బస్సును మరువలేము. 23 మంది ప్రయాణికులు చనిపోయిరి. ఇద్దరు పేద దళిత యువకులకు ఉరిశిక్ష పడెను. 1996లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచెను. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు యావజ్జీవ శిక్షగా మార్చిరి. చనిపోయినవారి ఇండ్లలో ఆ వార్త ఎట్లు వినబడెనో!

నరహంతకుని గూర్చి ఆదికాండము 9:6 కఠినముగానే పలుకుచున్నది, దానిని దాటవేయరాదు. అయితే 4:15 చూడుడి. తమ్ముని చంపిన కయీనును ఎవరును చంపకుండ దేవుడే గురుతు పెట్టెను. శిక్ష తప్పలేదు, ప్రాణము మిగిలెను. గనుక ఉరికంటె యావజ్జీవ కారాగారమే తగినదని మేమెంచుచున్నాము. తీర్పు తప్పని తేలినయెడల, విడిపించుటకు మనిషి బ్రతికియుండును గదా.