జీతంలో కోసిన పన్ను మళ్లీ కట్టాలా?

ప్రశ్న: పాత కంపెనీ నెలనెలా నా జీతంలోంచి టీడీఎస్ కోసుకుంది. ఇప్పుడేమో 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి రూ.48,000 బకాయి కట్టాలని ఆదాయపు పన్ను శాఖ నోటీసు పంపింది. నేను రెండోసారి కట్టాలా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కంగారుపడి కట్టేయకండి. అలాగని నోటీసును పక్కన పడేయకండి. ముందు మీ పాన్ మీద జమైన పన్నును చూపే 26ఏఎస్ ఫారం తెరిచి, పే స్లిప్పుల్లోని కోతతో నెలవారీగా సరిచూడండి. కోత అందులో కనిపించకపోతే కంపెనీ ఆ డబ్బు జమ చేయలేదనో, మీ పాన్ నంబరు తప్పుగా రాసిందనో అనుకోవాలి. పాన్ పొరపాటైతే టీడీఎస్ రిటర్న్ సవరించమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. సవరించాక 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 154 సెక్షన్ కింద బకాయిని సరిదిద్దమని శాఖకు దరఖాస్తు పెట్టండి.

అసలు జమే చేయకపోతే అదే చట్టంలోని 205 సెక్షన్ మీకు అండ. జీతంలో కోసిన మేరకు పన్నును ఉద్యోగి నుంచి మళ్లీ వసూలు చేయకూడదని అది చెబుతుంది. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో బకాయిని అంగీకరించడం లేదని నమోదు చేసి, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ మీ ఆదాయపు పన్ను అధికారికి అందజేయండి.

మామూలుగా నోటీసుకు గడువు 30 రోజులు. అది దాటితే నిజమైన బకాయిపై నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. నిజంగానే బాకీ ఉండి ఒకేసారి కట్టలేకపోతే, గడువులోపే వాయిదాలు కోరవచ్చు.

పే స్లిప్పులు పారేయకండి. రేపు మీ తరఫున సాక్ష్యం చెప్పేవి అవే.