రాతి గట్టు కింద రెడీమేడ్ అల్మారాలు ఎలా బిగించుకోవాలి?

విడి పలకలుగా అట్టపెట్టెల్లో వచ్చే కిచెన్ అల్మారాలతో పాటు ఒక బొమ్మల పుస్తకం ఇస్తారు. అందులో వంటగది ఖాళీగా, నేల సమంగా, గోడ తిన్నగా ఉంటుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇళ్లలో సంగతి వేరు. ఇల్లు కట్టినప్పుడే మేస్త్రి గట్టు కట్టి, మీద గ్రానైట్ పరిచి, కింద నిలువు బండలతో అరలు చేసి పోయి ఉంటాడు. ఆ గట్టును పగలగొట్టించొద్దు. వందేళ్లు నిలిచే రాయిని తీసి పదేళ్ల చెక్కను పెట్టడం తెలివైన బేరం కాదు. గట్టుకు సరిపోయే అల్మారానే తెచ్చుకోవాలి.

కొలతలు

ఆర్డర్ పెట్టకముందే టేపు తీయండి. గట్టు బండ అడుగు నుంచి నేల దాకా ఎత్తును ఎడమన, నడుమ, కుడిన, ముందూ వెనకా కొలవండి. కడిగిన నీళ్లు మోరీ వైపు పోవాలని నేలకు వాటం పెడతారు కాబట్టి ఈ అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. అన్నిటికంటే చిన్నదే మీ కొలత. రెండు నిలువు బండల మధ్య వెడల్పును కూడా కింద, నడుమ, పైన కొలిచి, చిన్న అంకెలోంచి ఒక సెంటీమీటరు తగ్గించండి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. హైదరాబాద్ హైటెక్ సిటీలో 2018 ఆగస్టు 9న తెరిచిన ఐకియా దుకాణాన్నే తీసుకోండి. దాని మెటోడ్ రకం కింది అల్మారా మామూలు ఎత్తు 80 సెం.మీ., కాళ్లు మరో 8 సెం.మీ. మొత్తం 88. మీ గట్టు పైభాగమే నేల నుంచి 33 అంగుళాలు, అంటే 84 సెం.మీ. ఉంటే ఆ అల్మారా కిందికి ఎలా దూరుతుంది? తక్కువ ఎత్తు రకం వెతకండి. దొరక్కపోతే, కొలత ఇస్తే మిషన్ మీద కోసి అంచులకు టేపు వేసి ఇచ్చే ప్లైవుడ్ దుకాణానికి వెళ్లండి.

ఏ చెక్క?

పార్టికల్ బోర్డు చవక, కానీ నీళ్లు తాగితే ఉబ్బుతుంది, మళ్లీ దిగదు. సింకు కింద దాన్ని అసలు వాడొద్దు. అక్కడికి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డో పీవీసీ బోర్డో తీసుకోండి. ఐ.ఎస్. 303 ప్లైవుడ్‌లో రెండు రకాలుంటాయి. ఎం.ఆర్. అని ఉంటే చెమ్మను ఓర్చుకుంటుందేగానీ నీళ్లను కాదు. బీ.డబ్ల్యూ.ఆర్. అంతకంటే గట్టిది.

వానకు ఇంట్లోకి నీళ్లొచ్చే చోట మాత్రం ఏ కాళ్లూ కాపాడవు. 2023 జూలై 27న భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. మరుసటి ఏడు సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టే కొట్టుకుపోయింది. వాగు పక్కన ఇల్లున్నవాళ్లు కింద రాతి అరలు అలాగే ఉంచి, పై అల్మారాలతో సరిపెట్టుకోవడమే మేలు.

పెట్టె కూర్చడం

హాల్లో దుప్పటి పరిచి పని మొదలుపెట్టండి. పలకలను కలిపేది మినీఫిక్స్: ఒక పలకలో పిన్ను, రెండో దాంట్లో గుండ్రటి బిళ్ల. బిళ్ల మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది పిన్ను వచ్చే అంచు వైపు చూడాలి. పిన్ను లోపలికి దిగాక స్క్రూడ్రైవర్‌తో సగం చుట్టు తిప్పితే పలక దగ్గరికి లాక్కుంటుంది. డ్రిల్ మిషన్‌తో తిప్పితే బోర్డు పగిలి బిళ్ల వదులైపోతుంది, ఇక పట్టదు. వెనక పలక కొట్టేముందు రెండు ఐమూలలూ కొలవండి. సమానంగా లేకపోతే పెట్టె వంకర ఉన్నట్టే, తలుపు జీవితాంతం పేచీ పెడుతుంది.

గట్టు కింద నిలపడం

ముందు పైపులు కారుతున్నాయేమో, గోడ మూలల్లో చెదలు ఉన్నాయేమో చూసుకోండి. తర్వాత చూడలేరు. నేల ఎత్తుగా ఉన్న చోటి నుంచి మొదలుపెట్టి, రసమట్టం పెట్టి, కాళ్లను తిప్పుతూ సమం చేయండి. వెడల్పు పెట్టెకు నడుమ అదనపు కాలు తప్పదు, 25 కిలోల బియ్యం బస్తా దాని మీదే కదా కూర్చునేది. గోడ పక్కన నాలుగైదు సెంటీమీటర్ల పట్టీ వదలకపోతే తలుపు పూర్తిగా తెరుచుకోదు. కింది స్కర్టింగ్ మేకులతో కొట్టకుండా క్లిప్పులతో పెట్టండి, బండలు కడిగే రోజు తీసేయొచ్చు.

గ్యాస్ బండ ఉండే అరలో పెట్టె వద్దు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకే ఆ అరకు తలుపు పెట్టినా దాని అడుగున గాలి సందులు ఉండాలి. సిలిండర్ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. పైపు సొరుగు వెనక నలగకూడదు. పైపు మీద ఉన్న గడువు తీరే ఏడాదిని ఎలాగూ చూస్తారు, దాటితే ఇప్పుడే మార్చండి.

గోడకు వేలాడే అల్మారా

అద్దె ఇంట్లో, సింగరేణి క్వార్టర్‌లో ఉండేవాళ్లు గోడకు రంధ్రం పెట్టేముందు అడగండి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, వైరు పైపు సాధారణంగా అక్కడే పోతుంది. పాత ఇళ్లలో అడ్డదిడ్డంగా కూడా పోయి ఉంటుంది, మెయిన్ ఆపేసి బ్యాటరీ డ్రిల్ వాడితే నిశ్చింత.

గట్టుకూ అల్మారా అడుగుకూ 20 అంగుళాలైనా వదలండి. పొయ్యికి నేరుగా పైన చెక్క పెట్టొద్దు. టైల్ ఉంటే గుర్తు మీద టేపు అంటించి, సుత్తి దెబ్బ ఆపి, మామూలు తిప్పుడుతో టైల్ దాటించండి. ఆ తర్వాతే హ్యామర్ మోడ్. రంధ్రం నుంచి వచ్చే పొడిని చూస్తుండండి: మొదట తెల్లది టైల్, తర్వాత బూడిదది ప్లాస్టరింగు, ఎర్రది ఇటుక. ఎర్రపొడి వచ్చాక మరో 5 సెం.మీ. లోపలికి పోవాలి, ప్లగ్గు పట్టేది అక్కడే. ఫ్లైయాష్ ఇటుకల గోడైతే ఎర్రపొడి రాదు. డ్రిల్‌కు ప్లాస్టరింగు కంటే గట్టిగా తగిలిన చోటు నుంచి లెక్కేయండి. పొడి మెత్తగా, ఆగకుండా రాలుతుంటే సిమెంటు సందులో పడ్డారన్నమాట, రెండంగుళాలు పక్కకు జరగండి.

పెంబర్తి ఇత్తడి బిందెలు, ఆవకాయ జాడీలు ఈ అల్మారాలోకి ఎక్కించొద్దు. గ్లాసులు, పోపుల డబ్బాలు చాలు.

తలుపులు చివర

కబ్జాకు మూడు స్క్రూలు: ఒకటి పక్కకు, ఒకటి లోపలికీ బయటికీ, ఒకటి పైకీ కిందికీ జరుపుతుంది. సామాను సర్దాకే వాటిని సరిచేయండి. బరువు పడ్డాక పెట్టె కొంచెం కూర్చుంటుంది, తలుపులు తేడాగా కనిపిస్తాయి. వారం తర్వాత ఇంకోసారి తిప్పాల్సి వస్తుంది, ఆ స్క్రూడ్రైవర్‌ను సొరుగులోనే ఉంచుకోండి.