అడ్డం తెలియకపోతే నిలువు

క్లీవ్‌లాండ్

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివాను. ఆఫీసులో భోజనాల దగ్గర నలుగురూ చేరి న్యూయార్క్ టైమ్స్ క్రాస్‌వర్డ్ పూరిస్తుంటే నోరు మెదపలేకపోతున్నావనీ, ఇక్కడ పుట్టి పెరగనివాళ్ళకి అది అబ్బదని తేల్చేసుకున్నావనీ రాశావు. అంత తొందరగా తేల్చెయ్యకు. ‘ద థిన్ మ్యాన్’ సినిమాలో కుక్క పేరేమిటని నాలుగు గళ్ళిస్తే నీకు తెలియదు, నిజమే. ఆ సినిమా వచ్చింది 1934లో. టక్కున ‘ఆస్టా’ అని చెప్పిన పాతికేళ్ళ కుర్రాడు మాత్రం దాన్ని చూసి ఉంటాడంటావా? ఆ కుక్కని అతనికి పరిచయం చేసింది చాలామటుకు క్రాస్‌వర్డే అయి ఉంటుంది. నీకూ చేస్తుంది.

ముందు ఆ గళ్ళ కట్టడం చూడు. మామూలు రోజుల్లో అడ్డానికి 15, నిలువుకి 15. ఆదివారం 21, 21. కాగితం తలకిందులు చేసినా నల్లగళ్ళు సాధారణంగా అదే చోట కనిపిస్తాయి. రెండక్షరాల మాటలు ఉండవు. ముఖ్యమైన సంగతేమిటంటే, ప్రతి తెల్లగడిలోని అక్షరమూ ఒక అడ్డం మాటకీ, ఒక నిలువు మాటకీ కూడా చెందుతుంది. మీ నాన్న పొద్దున్నే హిందూ పేపరు మడతపెట్టి పూరించే పజిల్ వేరే జాతిది. అందులో ప్రతి ఆధారమూ మాటల గారడీ, ఒక్క మాటకే చెందిన అక్షరాలూ బోలెడు. ఇక్కడ అడ్డం తెలియకపోతే నిలువు దాన్ని తెచ్చిపెడుతుంది. నీకు తెలియనివి ఉంటాయని ఎరిగే దీన్ని కట్టారన్నమాట.

తెలియని పేర్లు రెండు ఒకే గడిలో ఢీకొంటే మాత్రం తప్పు నీది కాదు, కట్టినవాళ్ళది. బోస్టన్ మారథాన్ దారిలో ఎనిమిదో మైలు దగ్గరి ఊరు నాటిక్, ‘ట్రెజర్ ఐలండ్’కి బొమ్మలు వేసిన ఎన్.సి. వైయెత్, ఈ రెండు పేర్లూ ఒకసారి ‘ఎన్’ దగ్గర కలిశాయి. అప్పట్నుంచి అలాంటి గడికి ఆడేవాళ్ళు ‘నాటిక్’ అనే పేరు ఖాయం చేశారు. అక్కడ ఆగిపోతే సిగ్గుపడకుండా ఊహించి రాసెయ్.

సోమవారం పజిల్‌తో మొదలుపెట్టు. అది అన్నిట్లోకీ సులువు. రోజురోజుకీ బిగుస్తూ శనివారానికి కొరకరాని కొయ్య అవుతుంది. గురువారం తిరకాసు ఎక్కువ, ఒకే గడిలో మాట మొత్తం ఇరికించాల్సి రావచ్చు. దాన్ని రీబస్ అంటారు. శుక్ర, శనివారాలకి సాధారణంగా థీమ్ ఉండదు. ఆదివారంది సైజులో పెద్దదే కానీ కష్టంలో బుధ, గురువారాల పాటిదే. సోమ, మంగళవారాలు చేతికి వచ్చేదాకా శనివారం జోలికి పోకు.

ఆధారాలకి ఒక వ్యాకరణం ఉంది. బహువచనంలో అడిగితే జవాబూ బహువచనమే, చివరి గడిలో ‘ఎస్’ పడే అవకాశం ఎక్కువ. భూతకాలంలో అడిగితే జవాబూ భూతకాలమే. ఆధారంలో ఏదైనా మాటని కుదించి రాస్తే జవాబు కూడా కుదించిన మాటే. పారిస్ పేరో రోమ్ పేరో తగిలిస్తే ఫ్రెంచి మాటో ఇటాలియన్ మాటో కావాలని. చివర ప్రశ్నార్థకం ఉంటే ఏదో శ్లేష ఉంది, ఉన్న అర్థాన్ని నమ్మకు. మొదటి చూపులో ఖాళీలు పూరించమనే ఆధారాలు వెతుక్కో. అవే నీకు కాలు మోపే చోటు.

ఇక థీమ్. పొడుగాటి అడ్డం జవాబులన్నీ ఒక తాడున కట్టి ఉంటాయి. ఆ తాడేమిటో విప్పి చెప్పే మాటని రివీలర్ అంటారు. ఉదాహరణకి ఒకటి అల్లి చూపిస్తాను. పైనుంచి కిందికి న్యూట్రిషనిస్ట్, ఫైర్ ఇంజన్, సేఫ్ హార్బర్, గ్రాహమ్ గ్రీన్. నట్, ఫైర్, సేఫ్, గ్రాహమ్ అనే మొదటి ముక్కల్లో దేని పక్కన ‘క్రాకర్’ పెట్టినా ఇంకో మాట పుడుతుంది. ఇక్కడ రివీలర్ క్రాకరే, అది నడిమి వరసలో కూర్చుంటుంది. ఇంగ్లీషులో లెక్కపెట్టు: 12, 10, 7, 10, 12. అమెరికా స్పెల్లింగులో హార్బర్‌కి ‘యు’ లేదు కాబట్టే ఈ లెక్క కుదిరింది. ఇందులో బలమైన ముక్క న్యూట్రిషనిస్ట్, ఎందుకంటే నట్ అక్కడ దాక్కుంది. ఫైర్ ఇంజన్ కాస్త నీరసం, రెండు చోట్లా నిప్పు నిప్పే. ఇలా తూచి చూడటం అలవాటైతే పూరించడంలో రుచి తెలుస్తుంది.

ఈ ఒక్క పజిల్ వెనకే ఎన్ని సంగతులున్నాయో చూడు. గ్రాహమ్ క్రాకర్ అనే బిస్కట్టుకి ఆ పేరు సిల్వెస్టర్ గ్రాహమ్ వల్ల వచ్చింది. పొట్టు తియ్యని గోధుమపిండే తినమని 19వ శతాబ్దంలో ఊరూరా బోధించిన మతప్రచారకుడు ఆయన. గ్రాహమ్ గ్రీనేమో మన ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’కి 1935లో లండన్‌లో ప్రచురణకర్తని చూసిపెట్టిన నవలాకారుడు. బిస్కట్టు తెలియని నీకు గ్రీన్ తెలియవచ్చు. నీ పక్కవాళ్ళకి అది తిరగబడవచ్చు. నువ్వు నోరు విప్పాల్సింది అక్కడే.

థీమ్ ఎంత దూరం పోగలదో తెలియాలంటే 1996 నవంబరు 5, అధ్యక్ష ఎన్నికల పోలింగు నాటి పజిల్ తీసి చూడు. కట్టింది జెరెమయా ఫారెల్ అనే లెక్కల ప్రొఫెసరు. నడిమధ్య ఆధారం, రేపటి పేపర్లో పతాకశీర్షిక. క్లింటన్ గెలిచాడని రాసినా సరిపోతుంది, బాబ్ డోల్ గెలిచాడని రాసినా సరిపోతుంది. రెండు పేర్లకీ ఏడేసి అక్షరాలు. కిందికి దిగే మాటలు కూడా రెండు విధాలా కుదురుతాయి. హాలోవీన్ నాటి నల్ల జంతువంటే ‘క్యాట్’ కావచ్చు, ‘బ్యాట్’ కావచ్చు. మొదటి అక్షరమే తేడా. ఓట్లు లెక్కపెట్టకుండానే పేపరు తీర్పు చెప్పేసిందని చాలామంది పాఠకులు ఫోన్లు చేసి మండిపడ్డారు. ఇంకో పేరు కూడా పడుతుందని వాళ్ళకి తట్టలేదు.

చిన్న మాటలకి ఒక నోటుబుక్కు పెట్టు. అచ్చులు ఎక్కువున్న పొట్టి మాటలు కట్టేవాళ్ళకి ప్రాణం, అందుకే అవే తిరిగి తిరిగి వస్తాయి. జవాబు ఒక్కటే రాసుకుంటే పదిరోజుల్లో మరిచిపోతావు. పక్కన దాని సంగతి కూడా రాయి. ఓరియో అని పడిందనుకో. 1912లో ఆ బిస్కట్టు పుట్టిన ఫ్యాక్టరీ మన్‌హాటన్‌లోనే ఉంది, ఇప్పుడది చెల్సీ మార్కెట్. మీ న్యూజెర్సీ నుంచి నది దాటితే చాలు, వెళ్ళి చూసిరా. ఈరీ అంటే మా ఊరి సరస్సు. 1825లో తెరిచిన ఈరీ కాలువ ఈ సరస్సునీ హడ్సన్ నదినీ కలిపింది. న్యూయార్క్ రేవు అంత పెరగడానికి అదొక పెద్ద కారణం. ఓబో అంటే ఆర్కెస్ట్రా అంతటికీ శ్రుతి ఇచ్చే వాయిద్యం. మన సన్నాయికి దగ్గర చుట్టం. మెల్ ఆట్ న్యూయార్క్ జెయింట్స్‌కి 511 హోమ్ రన్లు కొట్టిన బేస్‌బాల్ ఆటగాడు. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరు మూడక్షరాలే. అందుకే ఆట చూడనివాళ్ళకి కూడా ఆయన తెలుసు.

మరి నీ సొత్తు సంగతి? రాణి, రాగ, సితార్, చీర, నాన్, దాల్, నెయ్యి, ఆగ్రా, ఇవన్నీ ఆ గళ్ళలో తరచూ కనిపిస్తాయి. వాటి దగ్గర మిగతావాళ్ళు బుర్ర గోక్కుంటుంటే నువ్వు చకచకా రాసేస్తావు. వాళ్ళకి బేస్‌బాల్ ఎలాగో నీకు నెయ్యి అలాగ.

ఇదంతా కాలం దండగ అని మీ అమ్మ అంటే నొచ్చుకోకు. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ ‘న్యూయార్క్ వరల్డ్’లో మొదటి క్రాస్‌వర్డ్ వేశాక ఊరంతా ఆ పిచ్చిలో పడితే, 1924లో ఇదే టైమ్స్ దాన్ని దండగమారి వ్యవహారమని ఈసడించింది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రెండు నెలల పైచిలుకు తర్వాత, 1942 ఫిబ్రవరి 15న, మార్గరెట్ ఫరార్ సంపాదకత్వంలో తనే మొదలుపెట్టింది. యుద్ధం రోజుల్లో జనానికి కాస్త మనసు మళ్ళించేది కావాలని దానికీ తోచింది. 1950 నుంచి రోజూ వస్తోంది.

చివరగా ఒక మాట. ఎటూ తోచనప్పుడు వెతికి చూడటం తప్పు కాదు. జవాబు దొరకగానే ఫోను పక్కన పెట్టెయ్యడమే తప్పు. ఇంకో రెండు నిమిషాలు చదువు, ఎవరీ మనిషి, ఎక్కడుంది ఈ ఊరు అని. యాప్‌లో గడియారం, వరస తప్పకుండా చేసిన రోజుల లెక్కా ఉంటాయి. వాటి మాయలో పడకు.

వచ్చే సోమవారంది పూర్తిచేసి నాకు రాయి. ఎంతసేపు పట్టిందో చెప్పనక్కర్లేదు. ఏ మాట దగ్గర ఆగావో, దాని వెనక ఏం దొరికిందో రాయి చాలు.

ఆశీస్సులతో,
పెదనాన్న