ఉద్యోగం మానేస్తే దైవసాన్నిధ్యం దొరుకుతుందా?

కొత్తపట్నం లాంటి ఊళ్ళ నుంచి హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలకు వెళ్ళిన యువకులు కొందరు అడుగుతుంటారు: "హజ్రత్, ఈ ఉద్యోగం మానేసి మిగతా జీవితం అల్లాహ్ ఆరాధనలో గడపవచ్చా?"

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహ్ అలైహ్) జీవితం చూడండి. ఆయన బాగ్దాద్ నిజామియా మదరసాలో ప్రధాన అధ్యాపకులు. తన బోధనలో అల్లాహ్ ప్రసన్నత కన్నా పేరుప్రతిష్ఠల కోరికే ఎక్కువగా ఉందని గ్రహించి, క్రీ.శ. 1095లో, సుమారు 37 ఏళ్ళ వయసులో ఆ పదవి వదిలేశారు. అయితే భార్యాబిడ్డల పోషణకు సరిపడా ఉంచి, మిగిలిన ధనం పంచిపెట్టాకే బయలుదేరారు. 1106లో మళ్ళీ నీషాపూర్‌లో పాఠాలు చెప్పారు. పని అదే, మారింది నియ్యత్.

రేయింబవళ్ళు ఆరాధనలో మునిగి ఇల్లాలిని పట్టించుకోని హజ్రత్ అబూ దర్దా (రజి)ను హజ్రత్ సల్మాన్ (రజి) హెచ్చరించారు: ప్రభువుకు హక్కున్నట్లే నీ దేహానికీ, నీ ఇంటివారికీ నీపై హక్కుంది. సల్మాన్ నిజమే చెప్పారని దైవప్రవక్త (స) అన్నట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

సోదరులారా! సంపాదన హరామ్ అయితే వదిలేయండి. హలాల్ అయితే ముందు అప్పులు, తల్లిదండ్రుల పోషణ, పిల్లల బాధ్యత చూసుకోండి. వాటిని గాలికొదిలి మస్జిదులో కూర్చోవడం దైవభక్తి కాదు, దాసుల హక్కులు ఎగవేయడమే. అల్లాహ్ మన సంకల్పాలను శుద్ధి చేయుగాక! ఆమీన్.