గుర్తుపెట్టుకోవడం డైరీ పని

ఉదయం పదిన్నర. కాల్ వర్క్ మొదలైంది. బెంచ్ క్లర్క్ నంబర్లు పిలుస్తున్నారు. వెనక ఇద్దరు లాయర్లు గుసగుసలాడుతున్నారు. నెత్తిమీద ఫ్యాన్ కిర్రుమంటోంది. మెడ దగ్గర బ్యాండ్ గుచ్చుకుంటోంది. మీకు ఇవన్నీ ఒకే వాల్యూమ్‌లో వినిపిస్తున్నాయి. ఈలోగా మీ కేసు పిలిచేశారు. మీరు లేచేసరికి ఫైలు పక్కకెళ్లిపోయింది.

"నేనీ వృత్తికి పనికిరానేమో" అనుకున్నారా? ఆ మాట ఇక్కడితో ఆపేయండి.

ఏడీహెచ్‌డీ, ఆటిజం, డిస్‌లెక్సియా... పేరేదైనా మీ బుర్ర పనిచేసే తీరు వేరు. అంతే. బుర్రను మార్చక్కర్లేదు, పద్ధతి మార్చుకుంటే చాలు. పైగా లా ప్రాక్టీస్‌లో మీకో పెద్ద సౌకర్యం ఉంది. కోర్టు ఎవరి జ్ఞాపకాన్నీ ఊరికే నమ్మదు. అందుకే అఫిడవిట్. అందుకే డాకెట్. అందుకే ఎగ్జిబిట్ మీద నంబరు. నలభై ఏళ్ల సీనియర్ కూడా వాయిదా ఎప్పుడని అడిగితే డైరీయే తెరుస్తారు. బార్ కౌన్సిల్ పెట్టే ఏఐబీఈ పరీక్షకు కూడా నోట్స్ లేని బేర్ యాక్టులు వెంట తీసుకెళ్లనిస్తారు. మరి అన్నీ బుర్రలోనే ఉండాలని మీరెందుకు పంతం పడుతున్నారు?

ఒక చెక్ బౌన్స్ కేసు తీసుకోండి. బ్యాంకు రిటర్న్ మెమో జూన్ 3న అందింది. 30 రోజుల్లోపు డిమాండ్ నోటీసు పంపాలి. నోటీసు అందాక అవతలివాళ్లకు 15 రోజుల గడువు. అప్పటికీ డబ్బు రాకపోతే, అక్కణ్నుంచి నెలలోపు కంప్లైంట్ వేయాలి. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి, మొత్తం మూడు గడువులు.

ఏడీహెచ్‌డీ బుర్రకు కాలం రెండే గదులు: 'ఇప్పుడు', 'తర్వాత'. 'తర్వాత' గదిలో పడిన ఫైలు 29వ రోజు రాత్రి గుర్తొస్తుంది. అదీ అదృష్టం బాగుంటే. కాబట్టి క్లయింట్ ఇంకా కుర్చీలో ఉండగానే ఈ మూడు పనులు చేసేయండి:

1. మెమో అందిన తేదీని ఫైలు అట్ట మీదే రాయండి. స్కెచ్ పెన్నుతో, పెద్దక్షరాల్లో.

2. అసలు గడువుకు వారం ముందు తేదీని 'నా గడువు'గా డైరీలో వేయండి. ఫోన్‌లో అలారం కూడా పెట్టండి.

3. గుమాస్తాకు చెప్పండి. మీరు మర్చిపోయినా అడిగే మనిషి ఒకరుండాలి.

ఇక కోర్టులో నడుస్తున్న కేసులంటారా? ప్రతి కేసు సీఎన్‌ఆర్ నంబరునూ ఈకోర్ట్స్ యాప్‌లో సేవ్ చేసుకోండి. రోజూ రాత్రి ఒకే టైముకి చూడండి. అన్నం తిన్నాక, పళ్లు తోముకునే ముందు. టైము మారిస్తే అలవాటు నిలవదు.

డిస్‌లెక్సియా ఉందా? అమెరికాలో డేవిడ్ బోయిస్‌కీ ఉంది. మైక్రోసాఫ్ట్ మీద అక్కడి ప్రభుత్వం తరఫున వాదించింది ఆయనే. చదవడం కష్టమైనచోట వినికిడిని, జ్ఞాపకాన్ని పదును పెట్టుకున్నారు. మీరు తీర్పుల్ని ఫోన్ చేత చదివించుకోండి. సెక్షన్ నంబర్లు మాత్రం వేలుపెట్టి, పైకి చదివి సరిచూసుకోండి. 138 కాస్తా 183 అవడానికి రెప్పపాటు చాలు.

ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి చిన్న తేడా కూడా ముల్లులా గుచ్చుకుంటుంది. టైటిల్ వెరిఫికేషన్‌లో ఆ ముల్లే మీ సంపాదన! 1987 దస్తావేజులో 2 ఎకరాల 10 గుంటలు. తర్వాతి లింక్ డాక్యుమెంట్‌లో 2 ఎకరాల 14 గుంటలు. ఆ 4 గుంటలు ఎక్కణ్నుంచి పుట్టాయి? అందరూ పేజీ తిప్పేసిన చోట మీరు ఆగిపోతారు. ట్యాక్స్, కాంట్రాక్టులు, డ్రాఫ్టింగ్ కూడా ఈ కోవలోవే. కోర్టు హాల్లో గొంతెత్తి అరిస్తేనే లాయరు అనేది సినిమాల మాట.

(అన్నట్టు, గౌను బరువు మీకు భరించలేనిదైతే, హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప మిగతా చోట్ల అది తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనే చెబుతోంది.)

మీ హక్కులూ మీరే తెలుసుకోకపోతే ఎలా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియాలాంటి లెర్నింగ్ డిజెబిలిటీలూ ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం విడిగా లేదు. ఇది లోటే, కానీ ఆగిపోకండి. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏమందో చదవండి. రైటర్స్ క్రాంప్ ఉన్న సివిల్స్ అభ్యర్థి ఆయన. 40 శాతం వైకల్యం లేదన్న ఒక్క కారణంతో స్క్రైబ్‌ను కాదనకూడదని కోర్టు తేల్చింది. ఎంట్రన్స్ అయినా, జ్యుడీషియల్ సర్వీస్ అయినా స్క్రైబ్, అదనపు టైము సంగతి అప్లికేషన్ నింపే రోజే చూసుకోండి. హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే ఆయాసమే మిగులుతుంది.

సీనియర్‌కు చెప్పాలా? డయాగ్నసిస్ చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. మీకేం కావాలో మాత్రం చెప్పి తీరాలి. సంజాయిషీ వద్దు, నసుగుడు వద్దు. ఇలా అడగండి: "సర్, నడుస్తూ చెప్పినవి నాకు జారిపోతున్నాయి. వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టండి. సాయంత్రానికి డ్రాఫ్ట్ మీ టేబుల్ మీద ఉంటుంది."

అద్దం ముందు రెండుసార్లు అనుకోండి. రేపు కాల్ వర్క్ మొదలయ్యేలోపు అడిగేయండి.